వాడింది వేరు, ఎండింది వేరు

మాది పావగడ తాలూకా. ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న నాగలమడికెకు దగ్గర్లో మా పల్లె. పేరుకు కర్ణాటక, తుమకూరు జిల్లా. ఎటు నాలుగు మైళ్ళు నడిచినా ఆంధ్ర పొలిమేర తగులుతుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, చేన్లో శెనక్కాయ. వాన పడితే పంట, లేకుంటే బెంగళూరు వలస. నేనూ అలాగే బెంగళూరు చేరాను. రేడియోగ్రఫీ చదువుకొని ఒక పెద్దాసుపత్రిలో ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌గా పాతికేళ్ళ దాకా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం గుండె ఎం.ఆర్.ఐ. గదిలోనే గడిచింది. ఇప్పుడు ఊరికి తిరిగొచ్చేశాను.

సాయంత్రమైతే మా అరుగు మీదికి ఎవరో ఒకరు ఫైలు పట్టుకొని వస్తారు. "మామా, ఎం.ఆర్.ఐ. అంటే తలకీ నడుముకీ కదా తీసేది? గుండెకు తీయమని రాసినారు. ఏమైంటాదంటావు?" అని భయంగా అడుగుతారు. నేను డాక్టరును కాను. మందు రాయను, ఎవరి మందూ మానమని చెప్పను. ఆ పటం ఎలా తీస్తారు, ఏం చెబుతుంది, దాని దగ్గరికి ఎలా పోవాలి అన్నవి మాత్రం చేతులారా చేసి నేర్చుకున్నాను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గుతోంది. అందుకే నా అనుభవంలో తేలినవి వరసగా రాసిపెడుతున్నాను.

1. నొప్పి వచ్చిన పూట ఎం.ఆర్.ఐ. ఊసు ఎత్తొద్దు

ఇది మొదటి పాఠం. ఇది ఒంటబట్టకపోతే మిగతావన్నీ దండగ. ఎద పట్టేసినప్పుడు, ఎడమ చేయి లాగేటప్పుడు, చెమటలు కారేటప్పుడు కావాల్సింది ఇసిజి. ఆ పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. దాన్నిబట్టి నాళంలో గడ్డ కరిగించే సూదా, యాంజియోప్లాస్టీనా అన్నది తేలుస్తారు. గుండె ఎం.ఆర్.ఐ.కి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. అది తీరిగ్గా చేసే పరీక్ష, ఆపద గడిచాక చేసేది.

కన్నడ సినిమా నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్ 29న, 46 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత ఆయన పేరుతో కర్ణాటక ప్రభుత్వం హృదయ జ్యోతి పథకం పెట్టింది. ఈ పథకంలో ఉన్న తాలూకా ఆసుపత్రిలో తీసిన ఇసిజిని నిమిషాల్లో పెద్దాసుపత్రి నిపుణులు చూస్తారు. అవసరమైతే టెనెక్టెప్లేస్ అనే ఖరీదైన సూదిని అక్కడే ఉచితంగా వేస్తారు. బెంగళూరు మనకు నూట యాభై కిలోమీటర్లు. అంతదూరం పోయేలోపు గుండె కండ చచ్చిపోతూ ఉంటుంది. మొదట దగ్గరి ఆసుపత్రి, ఆ తర్వాతే దూరపు ఆసుపత్రి.

2. వాడింది వేరు, ఎండింది వేరు

శెనక్కాయ చేను నెల రోజులు వాన లేక తల వాల్చేస్తే రైతు గట్టు మీది నుంచే చూసి పంట పోయిందని వచ్చేయడు. చేన్లోకి దిగుతాడు. ఒక చెట్టు పెరికి వేరు చూస్తాడు. కాడను గోటితో గిల్లుతాడు. లోపల పచ్చి కనబడితే అది వాడింది, ఒక్క తడి తగిలితే లేస్తుంది. పుల్ల విరిగినట్టు పటుక్కుమంటే అది ఎండింది, ఎన్ని నీళ్ళు పెట్టినా లేవదు. గట్టు మీది నుంచి రెండూ ఒకటే రంగు.

గుండె కండ కూడా అంతే. పోటు తర్వాత ఎకో తీస్తే ఒక గోడ కదలడం లేదని తెలుస్తుంది. ఎందుకు కదలడం లేదో అన్నిసార్లూ తెలియదు. చచ్చిపోయి కదలకపోవచ్చు. నెత్తురు చాలక పని మానుకొని నిద్రపోతూ ఉండొచ్చు. ఈ రెండోదాన్ని డాక్టర్లు హైబర్నేషన్ అంటారు. ఆ తేడా పట్టిచ్చే గోరే గుండె ఎం.ఆర్.ఐ.

ఆ గిల్లి చూడడం ఎలాగంటే, చేతి నరంలోకి గాడోలినియం అనే మందు ఎక్కించి పది నిమిషాలు ఆగుతాం. అది కణాల లోపలికి పోలేదు, వాటి సందుల్లోనే తిరుగుతుంది. బాగున్న కండలో కణాలు ఒత్తుగా ఉంటాయి గనక సందులు తక్కువ, మందు త్వరగా వెళ్ళిపోతుంది. చచ్చి మచ్చకట్టిన చోట సందులు ఎక్కువ, మందు గుంతలో నీళ్ళలా నిలబడిపోతుంది. పది నిమిషాల తర్వాత పటం తీస్తే బాగున్న కండ నల్లగా, మచ్చ తెల్లగా వస్తుంది.

2000లో అచ్చయిన ఒక పరిశోధనలో అమెరికాలో రేమండ్ కిమ్, ఆయన తోటి డాక్టర్లు ఈ పద్ధతితో గుండె బలహీనపడ్డ 50 మందిని చూశారు. స్టెంటో బైపాసో చేశాక వాళ్ళ గుండెగోడలు ఎంతవరకు లేచాయో లెక్కగట్టారు. సరిగా కదలకపోయినా మచ్చ లేని భాగాలు 329 ఉంటే 256 మళ్ళీ మెరుగుపడ్డాయి. గోడ మందంలో ముప్పాతిక పైగా మచ్చ పడ్డ భాగాలు 58 ఉంటే ఒక్కటంటే ఒక్కటి మెరుగైంది. ఆ లెక్క చదివిన రోజు నాకు మా నాయన కాడ గిల్లి చూసే చేయి గుర్తుకొచ్చింది.

ఈ లెక్క మా ఇంట్లోనే కళ్ళతో చూడాల్సి వస్తుందని అనుకోలేదు. ఒక ఎండాకాలం రాత్రి మా పెద్దన్నకు ఎదలో మంట లేచింది. గ్యాసనుకున్నాడు. వాము నమిలాడు, సోడా తాగాడు, తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లాడు. మర్నాడు మధ్యాహ్నం దాటాక తుమకూరు పోయాడు. ప్రాణం దక్కింది. కొన్ని వారాల తర్వాత పరీక్షకు మా గదికే వచ్చాడు. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి తీగలు అతికించింది నేనే.

పటాలు తెర మీదికి ఒక్కొక్కటే వస్తున్నాయి. దొండకాయను అడ్డంగా చక్రాలుగా కోసినట్టు గుండెను కోసి చూపిస్తాయవి. ముందు గోడ లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా సున్నం పూసినంత తెల్లగా ఉంది. ఆ గోడ ఎండిపోయింది. పాతికేళ్ళలో అలాంటి తెలుపు వందలసార్లు చూసినవాణ్ణి, ఆ రోజు కుర్చీలో నుంచి లేవలేకపోయాను. పక్క గోడ కూడా కదలడం లేదు. కానీ అక్కడ తెలుపు లేదు, లోపలి అంచున సన్నటి గీత మాత్రమే ఉంది. అది వాడిన గోడ. డాక్టర్లు దానికి నెత్తురు పోయే నాళాన్ని బాగుచేశారు, మందులిచ్చారు. ఆరు నెలలకు ఆ గోడ కదిలింది. ముందు గోడ కదలలేదు, ఇక కదలదు. అన్న ఇప్పటికీ చేనికి పోతాడు, గట్టు మీద కూర్చొని పని చేయిస్తాడు. మడక పట్టలేడు. ఆ రాత్రి పోగొట్టుకున్న గంటల ధర అది.

3. మచ్చ ఎక్కడ పడిందో చూస్తే కారణం తెలుస్తుంది

నాళం మూసుకుంటే గుండె కండ చావడం లోపలి పొర నుంచి మొదలై గంటలు గడిచేకొద్దీ బయటి పొరకు పాకుతుంది. 1970ల్లో రీమర్, జెన్నింగ్స్ అనే ఇద్దరు కుక్కల మీద పరీక్షలు చేసి దీన్ని రుజువు చేశారు. అందుకే పోటు వల్ల పడ్డ మచ్చ లోపలి అంచును తప్పక తాకుతుంది. త్వరగా ఆసుపత్రికి వస్తే నష్టం లోపలి పొరతో పోతుంది, ఆలస్యమైతే గోడంతా పోతుంది.

మచ్చ లోపలి అంచును వదిలేసి గోడ నడుమనో బయటి అంచుననో ఉంటే కారణం వేరే. వైరస్ జ్వరం తర్వాత గుండె కండ వాచే మయోకార్డైటిస్‌లో మచ్చ ఎక్కువగా బయటి పొరలో కనబడుతుంది. వాపు ఇంకా పచ్చిగా ఉందా, పాతబడిందా అన్నది కూడా కండలో చేరిన నీటిని కొలిచి చెప్పొచ్చు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు ఎదనొప్పితో వచ్చి, గుండె కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పెరిగి, ఇంటిల్లిపాదీ గుండెపోటని ఏడుస్తుంటే, పటంలో బయటి పొరలో తెల్లటి మరకలు కనబడిన రోజులున్నాయి. ఆ పిల్లవాడికి స్టెంటు అక్కర్లేదు, విశ్రాంతి కావాలి. కొన్ని నెలలు పరుగులూ బరువులూ మానాలి. ఒకే నొప్పికి రెండు దారులు. ఆ పటం సరైన దారి చూపింది.

4. కూర్చున్నప్పుడు చాలే నీళ్ళు పరుగెత్తినప్పుడు చాలకపోవచ్చు

బోరు నీళ్ళు పారించే వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాలవలో పూడిక ఉన్నా మొదటి కయ్యకు నీళ్ళు అందుతాయి. కరువు బయటపడేది కడ కయ్య దగ్గర, అదీ ఎండ మండినప్పుడు. గుండె నాళంలో సగం పూడిక ఉన్నా కూర్చున్న మనిషికి నొప్పి రాదు. మిట్ట ఎక్కినప్పుడు, బిందె ఎత్తినప్పుడు వస్తుంది. అందుకే నెత్తురు పారకం చూడాలంటే గుండెకు పని పెట్టి చూడాలి. దీన్నే స్ట్రెస్ పర్‌ఫ్యూజన్ అంటారు.

ఎం.ఆర్.ఐ. గొట్టంలో పరుగెత్తించలేం గనక అడెనోసిన్ అనే మందు మూడు నాలుగు నిమిషాలు నరంలోకి ఎక్కిస్తాం. అది బాగున్న నాళాలను వెడల్పు చేస్తుంది. పూడుకున్న నాళం వెడల్పు కాలేదు. అప్పుడు గాడోలినియం వేసి గుండె కొట్టుకునే ప్రతిసారీ ఒక పటం తీస్తే, నెత్తురు అందిన కండ తెల్లబడుతుంది, అందని చోట నల్లటి నీడ నిలుస్తుంది. ఇక్కడ రంగులు తిరగబడతాయి, గమనించండి. మచ్చ పటంలో తెలుపు చెడు, పారకం పటంలో నలుపు చెడు. ఫైలు పట్టుకొని వచ్చేవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఈ అడెనోసిన్ మాట వచ్చినప్పుడల్లా నాకు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన కండరంలో శక్తిని దాచే భాస్వరపు పదార్థాలను బయటపెట్టాడు. 1929లో వాళ్ళు చెప్పిన అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ, ప్రతి గుండె చప్పుడుకూ కట్టెల్లా మండే ఇంధనం. అదే ఏడాది డ్రూరీ, సెంట్-జార్జీ అనే ఇద్దరు అడెనోసిన్ గుండె మీద చేసే పనిని వివరించారు. గుండె కష్టపడ్డప్పుడు ఏటీపీ విరిగి అడెనోసిన్ పుడుతుంది, దానితో గుండె తన నాళాలను తానే తెరుచుకుంటుంది. మనం నరంలోకి ఎక్కించేది శరీరం తన కష్టంలో తాను వాడుకునే మందే. పరీక్షకు భయపడే మావాళ్ళకు ఈ మాట చెబితే ముఖం తేటపడేది.

ఆ మూడు నిమిషాలు ఎద బరువెక్కుతుంది, ముఖం వేడెక్కుతుంది, దమ్ము వచ్చినట్టుంటుంది. మందు ఆపితే నిమిషంలోపు తగ్గుతుంది. రక్తంలో ఆ మందు బలం పది సెకన్లలోపే సగమవుతుంది. ఉబ్బసం ఉన్నా, గుండె లయలో అడ్డంకి ఉందని ఎవరైనా ఎప్పుడైనా చెప్పి ఉన్నా ముందే చెప్పాలి. అలాంటి వాళ్ళకు వేరే దారి వెతుకుతారు.

ఈ పరీక్ష వల్ల లాభముందా అని అడిగేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. 2019లో అచ్చయిన ఎంఆర్-ఇన్‌ఫార్మ్ పరిశోధనలో 918 మంది ఎదనొప్పి రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ముందు ఎం.ఆర్.ఐ. పారకం పరీక్ష చేశారు, రెండో గుంపుకు నేరుగా యాంజియోగ్రామ్ చేసి నాళంలో ఒత్తిడి కొలిచారు. ఏడాది తర్వాత రెండు గుంపుల క్షేమమూ సమానం. స్టెంటో బైపాసో చేయాల్సి వచ్చినవాళ్ళు మొదటి గుంపులో నూటికి 36 మంది, రెండో గుంపులో 45 మంది.

5. నాళం బాగుందంటే గుండె బాగున్నట్టు కాదు

ఈ పాఠం మా ఆడవాళ్ళు నేర్పారు. "యాంజియోలో ఏమీ లేదు, నీదంతా భయమే పోమ్మా" అనిపించుకొని ఏళ్ళ తరబడి నొప్పితో తిరిగినవాళ్ళను చూశాను. యాంజియోగ్రామ్ పెద్ద నాళాలను చూపిస్తుంది. కండ లోపల వెంట్రుక కన్నా సన్నని నాళాలుంటాయి, వాటి జబ్బు అందులో కనబడదు. ఆ జబ్బు ఉంటే పారకం పటంలో గుండె చుట్టూ లోపలి అంచున నల్లటి వలయం కనబడొచ్చు.

ఇంకొకటి. పెద్దకొడుకు పోయిన వారానికి ఒక అవ్వను ఎదనొప్పితో తెచ్చారు. గుండె కొన బుడగలా ఉబ్బిపోయి కదలడం లేదు. నాళాలు బాగున్నాయి. మచ్చ పటంలో తెలుపు లేదు. అది 1990లో జపాన్ డాక్టర్లు ఆక్టోపస్ పట్టే కుండ పేరు పెట్టిన టాకోత్సుబో జబ్బు. పెద్ద దుఃఖం గుండెను తాత్కాలికంగా సొమ్మసిల్లేలా చేస్తుంది. ఎక్కువగా ముట్లుడిగిన ఆడవాళ్ళకు వస్తుంది, వారాల్లో చాలామటుకు కోలుకుంటుంది. "గుండె పగిలింది" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆడమనిషి ఎద పట్టుకుంటే భయమని తోసెయ్యొద్దు.

6. నొప్పి రాలేదంటే పోటు రాలేదని కాదు

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళలో నరాలు మొద్దుబారి పోటు వచ్చినా తెలియకపోవచ్చు. 2012లో అచ్చయిన ఒక పరిశోధనలో ఐస్‌లాండ్‌లో 67 ఏళ్ళు, ఆపైబడిన 936 మందికి గుండె ఎం.ఆర్.ఐ. తీశారు. పోటు వచ్చిందని ఆసుపత్రి కాగితాల్లో ఉన్నవాళ్ళు 91 మంది. తెలియకుండానే పోటు వచ్చి మచ్చ మిగిలినవాళ్ళు 157 మంది. తెలిసినవాళ్ళ కన్నా తెలియనివాళ్ళే ఎక్కువ. చక్కెర ఉండి, మునుపు లేని ఆయాసం, కాళ్ళ వాపు, మిట్ట ఎక్కితే నీరసం మొదలైతే వయసు మీద తోసేయకుండా ఇసిజి, ఎకో చేయించుకోండి.

7. ముందు రోజు కాఫీ ముట్టొద్దు

చిన్న మాటే గానీ ఎన్ని ప్రయాణాలు వృథా చేసిందో నాకు తెలుసు. కాఫీ, టీల్లోని కెఫీన్ అడెనోసిన్‌ను పనిచేయనివ్వదు. నాళాలు తెరుచుకోవు, పారకం పటం తప్పు చెబుతుంది. మా తాలూకా నుంచి తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, మధుగిరి బస్టాండులో ఒక గ్లాసు కాఫీ తాగి, పదింటికి మా గది ముందు నిలబడిన ముసలాయన ఉన్నాడు. "ఒగ గుక్కే సామీ, చలికి తాగితిని" అన్నాడు. మరో రోజు రమ్మని పంపాల్సి వచ్చింది. ఆయన కూలి పోయింది, కొడుకు కూలీ పోయింది. తప్పు ఆయనది కాదు. చీటీలో ఆ మాట ఆయన చదవగలిగే భాషలో లేదు. ఇరవై నాలుగు గంటల ముందు నుంచి కాఫీ, టీ, కోలా, చాక్లెట్ అన్నీ మానండి. చదువుకున్న పిల్లలు పెద్దవాళ్ళకు ముందు రోజే గుర్తుచేయండి.

8. తాళి దగ్గర మొరటుతనం పనికిరాదు

ఎం.ఆర్.ఐ. అయస్కాంతం బలం సాధారణంగా 1.5 టెస్లా. భూమి అయస్కాంతం కన్నా దాదాపు 30 వేల రెట్లు ఎక్కువ. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల చలిలో ఉండే తీగచుట్ట అది. పరీక్ష లేనప్పుడు కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. ఇనుప కుర్చీని, ఆక్సిజన్ సిలిండర్‌ను గాల్లోకి లాగేసుకుంటుంది. అందుకే ఒంటి మీద లోహమేదీ ఉండకూడదు. మొలతాడు బిళ్ళ, తాయెత్తు, కాలి కడియాలు, మెట్టెలు, ముక్కుపుడక, చెవి మిషను అన్నీ తీయాలి.

తాళి తీయమంటే మావాళ్ళు బిక్కచచ్చిపోయేవాళ్ళు. మొగుడు పక్కనే ఉన్నా, జబ్బు తనదే అయినా తాళి తీయడం అంటే అపశకునం. కోప్పడితే లాభం లేదు. నేను అల్మరాలో పసుపు కొమ్ములు, నూలుదారం పెట్టుకునేవాణ్ణి. దారానికి పసుపు రాసి కొమ్ము కట్టి, "ముందు ఇది ఏసుకోక్కా, ఆమైన అది తీద్దువు" అనేవాణ్ణి. ఒక్కరు కూడా కాదనలేదు. ఇంటి నుంచి వచ్చేటప్పుడే అలా కట్టుకొస్తే మరీ మంచిది. అవ్వల చేతుల మీది పాత పచ్చబొట్లతో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. అయినా వేడిగా అనిపిస్తే వెంటనే చెప్పమనేవాణ్ణి.

గుండెలో వేసిన స్టెంట్లతో భయం లేదు. పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు తప్పక తీసుకుపోవాలి. ఎం.ఆర్.ఐ.కి తగిన రకమైతే దాన్ని సరిచేసి తీస్తారు. కార్డు లేకుండా పోతే ఎవరూ తీయరు, తీయకూడదు.

9. సూదికి ముందు క్రియాటినిన్

గాడోలినియం ఒంట్లోంచి బయటికి పోయేది మూత్రపిండాల ద్వారా. అవి బాగా దెబ్బతిన్నవాళ్ళలో ఆ మందు నిలిచిపోయి చర్మాన్ని బిగదీసే జబ్బు తేగలదని 2006లో బయటపడింది. ఆ తర్వాత మందులు మెరుగయ్యాయి, జాగ్రత్తలు పెరిగాయి, ఆ జబ్బు చాలా అరుదైంది. అయినా చక్కెర, బీపీ ఉన్నవాళ్ళు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతిలో పెట్టుకొని పోవాలి. ఈ పరీక్షలో ఎక్స్‌రే కిరణాలు మాత్రం ఉండవు. మన ఒంటి నీటిలోని హైడ్రోజన్ ఇచ్చే సంకేతంతోనే పటం తయారవుతుంది.

10. ఊపిరి బిగబట్టమని తెలిసిన భాషలో చెప్పాలి

గుండె కొట్టుకుంటుంది, ఊపిరితిత్తులు కదులుతాయి. కదిలేదాన్ని పటం తీస్తే చెదిరిపోతుంది. గుండె కదలికను ఇసిజి తీగలతో తాళం పట్టి సర్దుకుంటాం. ఊపిరిని రోగే ఆపాలి, ఒక్కోసారి పది పదిహేను సెకన్లు, అలా ముప్పై నలభై సార్లు. యంత్రంలో మాటలు ఇంగ్లీషులోనో కన్నడంలోనో రికార్డు చేసి ఉండేవి. పావగడ, మడకశిర, హిందూపురం నుంచి వచ్చిన అవ్వలకు గొట్టంలో, ఆ దడదడ చప్పుడులో, తెలియని భాషలో మాట వినబడితే ఊపిరి బిగబట్టడానికి బదులు దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు. పటమంతా నీళ్ళలో నీడలా చెదిరేది.

నేను రికార్డు ఆపేసి మైకులో మాట్లాడేవాణ్ణి. "యమ్మా, గాలి ఇడువు. ఇంగ అట్లే నిలుపు. నిలుపు... నిలుపు... ఆ, ఇంగ తీసుకో." ఊపిరి పీల్చి బిగబట్టడం కన్నా వదిలి బిగబట్టితే గుండె ప్రతిసారీ అదే చోట నిలుస్తుంది. పరీక్షకు ముందు వారం రోజులు ఇంట్లో మంచం మీద పడుకొని సాధన చేయండి. పక్కన మనవడు పన్నెండు దాకా ఎంచితే చాలు. ఇరుకు గదంటే భయమున్నవాళ్ళు ముందే చెప్పండి. చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెడతారు, నొక్కితే ఆపేస్తారు. ఆసుపత్రుల్లో పనిచేసే పిల్లలకూ నాది ఒక్కటే మాట. రోగి భాషలో పది మాటలు నేర్చుకోండి, మీ యంత్రం రెండింతలు బాగా పనిచేస్తుంది.

11. రిపోర్టులో నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి

ఒకటి, ఎజెక్షన్ ఫ్రాక్షన్. ఒక్కో చప్పుడుకు గుండె తనలోని నెత్తురులో నూటికి ఎంత బయటికి తోస్తుందన్న లెక్క. సుమారు 55 పైన ఉంటే మామూలు. 35కు దిగితే ప్రమాదమైన లయలు వచ్చే భయం ఉంది గనక డాక్టర్లు ఇంకా జాగ్రత్తపడతారు. రెండు, మచ్చ. గుండెగోడను 17 భాగాలుగా ఎంచుతారు. ఎన్ని భాగాల్లో మచ్చ ఉంది, గోడ మందంలో సగానికి లోపా పైనా అని అడగండి. మూడు, పారకం. పని పెట్టినప్పుడు నెత్తురు అందని భాగాలు ఎన్ని, అవి మచ్చ ఉన్న చోటేనా, బతికున్న చోటా? నాలుగు, కారణం. మచ్చ తీరు నాళాల జబ్బును చూపిస్తోందా, వేరే జబ్బునా?

వీటన్నిటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. "ఈ పటం వచ్చాక నా వైద్యంలో ఏం మారుతుంది సార్?" అనండి. డాక్టరు దానికి జవాబు చెప్పగలిగితే ఆ పరీక్షకు ఖర్చు పెట్టొచ్చు. చాలామందికి ఎకో సరిపోతుంది. గుండె ఎం.ఆర్.ఐ. అందరికీ అక్కర్లేదు, అవసరమైనవాళ్ళకు దానంత స్పష్టంగా చెప్పేది దొరకదు. డబ్బుకు వెనకాడేవాళ్ళు బెంగళూరులో ప్రభుత్వ జయదేవ ఆసుపత్రిని, గుండె వైద్యం ఉచితంగా చేసే పుట్టపర్తి, వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆసుపత్రులను ముందు కనుక్కోండి.

12. పటం వైద్యం చేయదు

బతికున్న కండ కనబడింది కదా, ఇక స్టెంటు వేస్తే లేచి కూర్చుంటుందని అనుకోవడం కూడా తొందరే. బ్రిటన్‌లో చేసిన రివైవ్డ్ అనే పరిశోధన 2022లో అచ్చయింది. గుండె బాగా బలహీనపడి, కండ బతికే ఉన్న 700 మందిలో సగం మందికి స్టెంట్లూ మందులూ, సగం మందికి మందులు మాత్రమే ఇచ్చారు. చావులోగానీ, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడంలోగానీ తేడా కనబడలేదు. దీన్నిబట్టి నేను నేర్చుకున్నది ఏమంటే, మందులను తక్కువగా చూడొద్దు. మా అన్న పక్క గోడ లేచిందంటే నాళం తెరవడం ఎంత కారణమో, ఆరు నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా వదిన మింగించిన మాత్రలూ అంత కారణం. బీడీ మానాడు, ఉప్పు తగ్గించాడు, ఊరగాయ మానాడు. పటంలో తెలుపు పెరగకుండా కాపాడేవి ఇవే.

ఈ పన్నెండింట్లో పదకొండు మరిచిపోయినా సరే, మొదటిది మరవొద్దు. నేను తీసిన వేల పటాల్లో తెల్లటి మచ్చల వెనక ఎక్కువసార్లు విన్న మాట ఒకటే: "గ్యాసనుకున్యాం సామీ, తెల్లారినాక పోదామనుకున్యాం." వాడిన దశలో వచ్చినవాళ్ళకు చేయగలిగింది చాలా ఉంది. ఎండినాక వస్తే నేను పటం తీసివ్వగలిగేవాణ్ణి, అంతే. మీ ఇంట్లో ఎవరికైనా ఎద పట్టేస్తే సోడా కొట్టు వైపు పోవద్దు. 108కి ఫోను చేయండి, దగ్గరి ఆసుపత్రిలో ఇసిజి తీయించండి. తెల్లారేదాకా ఆగొద్దు.